కొక్కెర తెగులు రాకముందే: నాటుకోళ్లు పెంచుకునేవారికి ఒక విజ్ఞప్తి

పెరట్లో కోడి జబ్బు పడినప్పుడు తెలుగు పల్లెల్లో సాధారణంగా జరిగేవి మూడు: మందుల షాపులో మనుషులకిచ్చే యాంటీబయాటిక్ గొట్టం మాత్రను తెచ్చి సగం పొడిని మింగించడం, చచ్చేలోగా కోసి వండుకోవడం, అదీ కాకపోతే వారపు సంతకు తీసుకుపోయి వచ్చిన కాడికి అమ్ముకోవడం. వీటిలో మొదటిది చాలాసార్లు వృథా, రెండవది ప్రమాదం, మూడవది తెగులును చేజేతులా పొరుగూళ్లకు పంపడమే. అందువల్ల ఏ జబ్బు ఇంట్లో నయమవుతుందో, ఏది కాదో పోల్చుకోవడం ప్రతి పెంపకందారూ నేర్చుకోవాలనీ, నయం కాని దానికి వాడంతా కలిసి ముందే టీకాలు వేయించాలనీ కోరడమైనది.

మందలో నీరసించిన దానిని తక్కినవి పొడిచి తరుముతాయి కాబట్టి, కోడి ఓపిక ఉన్నంతసేపు జబ్బును బయటపెట్టదు. ఈకలు ఉబ్బించి, రెక్కలు జారవేసి, మూల నిలబడి కునికే సమయానికి జబ్బు చాలావరకు ముదిరే ఉంటుంది. దానిని పరీక్షించడానికి మంచి సమయం రాత్రి కోళ్లను కమ్మిన గంపను తెల్లవారి ఎత్తే వేళ. మెడ మొదట్లో మేత నిలవ ఉండే సంచి అప్పటికి ఖాళీగా ఉండాలి. గట్టిగా తగిలితే మేత అడ్డుపడిందనీ, నీళ్లు నిండినట్టు మెత్తగా ఉండి నోట పులిసిన వాసన వస్తే లోపలి మేత పాచిపోయిందనీ అర్థం. రొమ్ము ఎముక అంచు కత్తిలా చేతికి తగిలితే కోడి చాలా రోజులుగా చిక్కిపోతున్నట్టే. జుట్టు పాలిపోతే పేలనూ ఏలికపాములనూ అనుమానించి, రెక్కల కింద, రెట్ట వేసే ద్వారం చుట్టూ ఈకలు విడదీసి చూడాలి. రక్తం పీల్చే కొన్ని పురుగులు పగలు గూటి పగుళ్లలో దాగి రాత్రివేళనే కోడి మీదికి ఎక్కుతాయి కాబట్టి, ఒంటి మీద ఏమీ కనబడలేదని గూటిని వదిలేయరాదు. అన్నిటికంటే ఎక్కువ చెప్పేది రెట్ట, దానిని చూడటానికే ఎవరికీ మనసొప్పదు.

ఇంటి దగ్గరే, లేదా పశువైద్యుని మాటతో నయమయ్యేవి తక్కువేమీ కావు. మూడు నుంచి ఆరు వారాల పిల్లలు రెట్టలో నెత్తురు పడుతూ ముడుచుకుపోతే అది రక్తపారుడు, అంటే తడి నేలలో పెరిగే సూక్ష్మజీవి పేగులను కొరుకుతున్న జబ్బు. నేలను పొడిగా ఉంచి, యాంప్రోలియం అనే మందును వైద్యుడు చెప్పిన మోతాదులో నీటిలో కలిపిస్తే చాలా పిల్లలు దక్కుతాయి. జుట్టు మీద, గొంతు కింద వేలాడే తమ్మెల మీద పొక్కులు కట్టే మశూచి దోమల వల్ల కూడా వ్యాపిస్తుంది. నోటి లోపలికి పాకనంత వరకు ఎక్కువ కోళ్లు దాని నుంచి కోలుకుంటాయి. పెట్ట పదేపదే ముక్కుతూ, తోక ఆడిస్తూ, గుడ్డు పెట్టలేక కూలబడితే గుడ్డు అడ్డుపడి ఉండవచ్చు. దాని వెనుక భాగాన్ని పావుగంట సేపు గోరువెచ్చని నీటిలో ఉంచి, ద్వారం వద్ద కొంచెం నూనె రాసి, వెచ్చని చీకటి చోట వదలాలే తప్ప లోపలి గుడ్డును నొక్కి పగలగొట్టరాదు, ఎందుకంటే పెంకు ముక్కలు గుడ్డు దారిని చీలుస్తాయి. ఏ జబ్బయినా ఆయాసపడే కోడి నోట్లో నీళ్లు పోయడం ప్రాణాంతకం. గాలిగొట్టం రంధ్రం నాలుక మొదట్లోనే ఉంటుంది గనుక ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మందు వాడిన కోడి గుడ్లను, మాంసాన్ని వైద్యుడు చెప్పిన గడువు దాటేవరకు తినకూడదు.

ఇక కొక్కెర తెగులు. 1927లో కుమావూ కొండల్లోని రాణీఖేత్‌లో మన దేశంలో మొదట గుర్తించినందువల్ల పుస్తకాల్లో దీనికి రాణీఖేత్ వ్యాధి అని పేరు. ఆకుపచ్చ, తెలుపు కలిసిన నీళ్ల రెట్ట, నోరు తెరిచి గురగురమని ఊపిరి తీయడం, కాళ్లూ రెక్కలూ పడిపోవడం, బతికిన వాటికి మెడ వెనక్కి మెలితిరగడం దీని లక్షణాలు. ఇది వైరస్ వల్ల వచ్చేది కనుక గొట్టం మాత్రలు దీనిపై పనిచేయవు. నాలుగు రోజుల్లో పెరడు ఖాళీ అయిన ఇళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. రెట్టలోనూ ముక్కు స్రావంలోనూ ఉండే ఆ వైరస్ చెప్పుల మట్టితో, సంత బుట్టలతో, జాతరకూ పందేలకూ తిరిగే కోళ్లతో ఊరూరూ చేరుతుంది. కునికే కోడిని ఎవరూ అమ్మవద్దు, ఎవరూ కొనవద్దు. దానిని వేరే గంప కింద ఉంచి, ముందు మంచి కోళ్లకు మేత వేసి ఆ తరువాతనే దాని దగ్గరకు పోవాలి. చచ్చిన కోడిని కాలువలో పారవేయక, లోతైన గోతిలో సున్నం చల్లి పూడ్చాలి.

ఉన్నట్టుండి ఎక్కువ కోళ్లు చచ్చినా, ముఖం వాచి జుట్టు నల్లబడినా వాటిని ముట్టుకోకుండా పశువైద్యశాలకు గానీ పశువైద్య సహాయ ఫోన్ నంబరు 1962కు గానీ తెలపాలి, అది బర్డ్ ఫ్లూ కావచ్చు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బయటపడిన ఆ జబ్బు మనుషులకూ సోకగలదు, కొక్కెరకూ దానికీ తేడా కంటితో తేలదు.

కొక్కెరకు టీకా ఉంది, దాని వెల కూడా స్వల్పమే. మొదటి వారంలో పిల్లల కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క లసోటా అనే టీకా, ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో రెక్క కింద ఆర్‌టూబీ అనే మరో టీకా సూది, ఆ తరువాత ఆరు నెలలకొకసారి మళ్లీ సూది వేయించాలి. చిక్కు ఎక్కడంటే, ఒక్కో సీసాలో సాధారణంగా నూరు కోళ్లకు సరిపడే మందు ఉంటుంది, దానిని మంచులో తేవాలి, ద్రవంలో కలిపాక గంట రెండు గంటల్లో వాడేయాలి. పెరట్లో ఉండేవి పదో పదిహేనో. టీకా వేయించని ఇళ్లలో అశ్రద్ధ కంటే ఈ లెక్కే ఎక్కువగా అడ్డు. కాబట్టి డ్వాక్రా సంఘాల మహిళలు, గ్రామ పంచాయతీలు పూనుకొని వీధుల వారీగా కోళ్ల లెక్క రాసి, చలి పోయి ఎండలు ముదరకముందే పశువైద్యశాలతో ఒక తేదీ ఖరారు చేసుకోవాలి. వారం ముందే ఏలికపాముల మందు పట్టించి, జబ్బుగా ఉన్న వాటిని పక్కన పెట్టి, ఆ రోజు టీకా సీసా ఊరు చేరేవరకు ఏ ఇంట్లోనూ గంప ఎత్తకుండా చూడాలని మనవి. ఒకసారి పెరట్లోకి వదిలిన నాటుకోడిని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.