చవక టైరు, నాలుగు అంకెలు

పోయిన వర్షాకాలంలో లాలాగూడ రైల్వే క్వార్టర్ల దగ్గర బ్రేకు వేయగానే మా పాత ఆల్టో వెనుక భాగం ప్రక్కకు జారింది. వెనుక సీటులో పిల్లలున్నారు. దిగి చూస్తే టైర్లు నున్నగా అరిగిపోయి ఉన్నాయి.

ఆ వారమే చవక టైర్ల కోసం బయలుదేరాము. ఒక దుకాణంలో పేరున్న కంపెనీ టైర్లే ఎంతో తక్కువ ధరకు చూపించారు. నల్లగా నిగనిగలాడుతున్నాయి. అయితే టైరు ప్రక్కభాగంలో, కొన్నిటికి ఒకవైపునే, నాలుగు అంకెలు అచ్చువేసి ఉంటాయి. మొదటి రెండు తయారైన వారము, తరువాతి రెండు సంవత్సరము. అక్కడ 2318 అని ఉంది. అనగా 2018 జూన్ నాటి సరుకు! వాడకపోయినా రబ్బరు ఏళ్ల తరబడి ఉంటే గట్టిపడుతుంది, తడి రోడ్డును పట్టుకోదు. పాలిష్ పెడితే వయసు తగ్గదు కదా! ఇక సెకండ్‌హ్యాండ్ టైర్లంటారా, అరిగినదానికే మళ్లీ గాళ్లు కోసి అమ్మేవారున్నారు. వాటి జోలికి పోలేదు.

చివరకు ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్న, నాలుగు నెలల క్రితం తయారైన మామూలు రకం రెండు తీసుకున్నాము. కొలత మా బండిదే, 145/80 ఆర్ 12. ప్రక్కన 74 అని ఉంటే ఒక్కో టైరు 375 కిలోలు మోస్తుందని అర్థము.

మేస్త్రీ ముందు చక్రాలకు బిగించబోయాడు. వెనుకకే వేయమన్నాము. వెనుక టైర్లు జారితే బండి గిర్రున తిరుగుతుంది, స్టీరింగు పట్టుకున్నా లాభముండదు.

స్టెప్నీ మీది అంకెలు మాత్రం ఇంకా చూడలేదు.