లోపమున్న గుల్ల చెప్పు సాక్ష్యము

గండకీ నదిలో దొరకు సాలగ్రామములను ఎరుగనివారు మన దేశమున అరుదు. వానిలో పెక్కింటియందు చుట్టలుగా కనిపించు రూపము అమ్మోనైటు అను సముద్రజీవి శిలాజమని అందరికి తెలియకపోవచ్చును. చూచుటకు నత్త గుల్లవలె ఉన్నను ఇవి ఆక్టోపసు, నాటిలసులకు బంధువులు. ఈ అమ్మోనాయిడు వర్గము సుమారు 40 కోట్ల సంవత్సరముల క్రిందట డెవోనియను యుగమున పుట్టి, సుమారు 6.6 కోట్ల సంవత్సరముల క్రిందట అంతరించినది.

ప్రదర్శనశాలలలో గౌరవస్థానము నిర్దోషమైన గుల్లకే దక్కును. వంకరపోయినది, గుంటలు పడినది మూలకు చేరును. ఈ ఆచారము శాస్త్రమునకు మేలు చేయదని మా అభిప్రాయము.

ప్రాణి పెరిగినకొలది గుల్ల అంచున కొత్త భాగము చేరును; పాతది చెరగదు. కావున ఏ దశలో కష్టము వచ్చినదో గుల్లయే చెప్పగలదు. 1960లో హౌస్ అను శాస్త్రజ్ఞుడు డెవోనియను గోనియటైటుల శిలాజములపై చిన్న గుంటలను వర్ణించెను. గుల్ల లోపలివైపు బొడిపె ఉన్నచోట, లోపల గట్టిపడిన మట్టి అచ్చుపై గుంట ఏర్పడును. 2011లో డి బేట్స్, క్లుగ్, కోర్న్ అనువారు ఆ బొడిపెలను ముత్యములతో పోల్చిరి. నేటి ఆల్చిప్ప తనలో చొరబడిన పరాన్నజీవి చుట్టు గుల్ల పదార్థమును పేర్చి దానిని బంధించుట కలదు. ఆ పురాతన ప్రాణియు అట్లే చేసియుండునని వారి వాదము.

అట్లని ప్రతి వంకరను పరాన్నజీవికి అంటగట్టరాదు. శత్రువు కొరికిన గాయము మానినను మచ్చ మిగులును. పురుగు మెత్తని దేహము సాధారణముగా శిలలో నిలువదు; మిగులునది జాడ మాత్రమే. ఒకే తీరు గుంటలు ఒకే వరుసలో పెక్కు గుల్లలపై కనిపించినప్పుడే అనుమానమునకు బలము చేకూరును. లోపమున్నవానిని పారవేసిన పిదప పోల్చుటకేమి మిగులును? రోగగ్రస్తమైన గుల్లను కొత్త జాతిగా భ్రమించి పేరు పెట్టిన సందర్భములును కలవు.

తెలుగు బోధించు మాకు ఈ విషయముతో ఏమి పని అని కొందరడుగవచ్చును. తాళపత్ర ప్రతులను పరిష్కరించువారికి లేఖకుల తప్పులే ఏ ప్రతికి ఏది మాతృకయో తెలుపును. గ్రంథమునకైనను, గుల్లకైనను న్యాయమొక్కటే.

విద్యార్థి మిత్రులారా! నమూనా చెడినదని పారవేయకుడు. అది ఎట్లు చెడినదో ముందు అడుగుడు.