ఉద్దానం గ్లోబల్ కాదట!

ముందే ఒక మాట. నేను టీచర్ని కాను, విద్యావేత్తని అసలే కాను. పొద్దున్న స్టాండప్‌తో మొదలై రాత్రి డిప్లాయ్‌మెంట్‌తో ముగిసే బతుకు నాది. బీటెక్ చేశాను కాబట్టి చదువుల గురించి మాట్లాడే అర్హత వచ్చేసిందని కూడా అనుకోను (బీటెక్ చేసినవాళ్ళకి ఈ వాక్యం ఇట్టే అర్థమవుతుంది). అయినా ఇది రాసెయ్యకపోతే నాకు కుదురు లేదు.

మా కంపెనీలో ఏడాదికి కొన్ని గంటలు సమాజసేవ చెయ్యాలి. చెట్లు నాటే లిస్టు నేను చూసేసరికే నిండిపోయింది, రక్తదానం అంటే నాకు భయం. ఇక మిగిలింది 'గ్లోబల్ క్లాస్‌రూమ్'. హైదరాబాదులో పడమటి వైపు, పేరు చివర 'ఇంటర్నేషనల్' తగిలించుకున్న ఒక బడి. అందులో ఏడో తరగతి పిల్లలు యూరప్‌లో ఒక బడి పిల్లలతో వీడియోలో ప్రపంచ సమస్యల మీద మాట్లాడతారు. ప్రొజెక్టరు, మైకు, నెట్టు చూసుకోవడం నా పని. చదివిన చదువుకి తగ్గ పనే దొరికింది లెండి :)

అంశం 'నీరు'. మన పిల్లలు పదిహేను స్లైడ్లు చేశారు. 2018లో కేప్‌టౌన్ నగరం 'డే జీరో' అంచుదాకా వెళ్ళొచ్చిన కథ, బిందెలు నెత్తిన పెట్టుకుని మైళ్ళు నడిచే ఆఫ్రికా ఆడపిల్లలు, కరిగిపోతున్న మంచు మీద ఒంటరి ఎలుగుబంటి, ఆఖరి స్లైడులో భూగోళాన్ని పట్టుకున్న రెండు చేతులు. తడుముకోకుండా, చక్కటి ఇంగ్లీషులో చెప్పారు. అవతల్నుంచి చప్పట్లు. అప్పుడు అవతలి పిల్లాడొకడు చెయ్యెత్తి అడిగాడు, 'మీ ఇంట్లో కుళాయి తిప్పితే వచ్చే నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి?' అని.

ఎవరూ మాట్లాడలేదు. మైకు మ్యూట్‌లో ఉండిపోయిందేమోనని నేనోసారి చూసుకున్నాను కూడా. వెనక వరసలో ఒక పాప మెల్లగా 'ట్యాంకర్' అంది. ఇద్దరు ముగ్గురు కిసుక్కున నవ్వారు. టీచరమ్మ గబగబా థాంక్యూ చెప్పేసి తరవాతి కార్యక్రమంలోకి వెళ్ళిపోయింది. ఆఖర్న గ్రూప్ ఫోటో, అందరి చేతుల్లో సర్టిఫికెట్లు. నాకూ ఒకటిచ్చారు.

ఆ పాప జవాబు కంటే మంచి పాఠం ఆ రోజు ఇంకోటి దొరకదు. ఆ ట్యాంకరు ఏ ఊరి బోరు దగ్గర నింపుకుని వచ్చింది? ఆ ఊళ్ళో వాళ్ళకి ఇప్పుడు ఎన్ని అడుగుల్లో నీళ్ళు పడుతున్నాయి? పోనీ ట్యాంకరు కాదు, నగరం పైపుల్లో వచ్చేవే అనుకుందాం. నాగార్జున సాగర్ నుంచి కృష్ణ నీళ్ళు వంద కిలోమీటర్ల పైన ఎక్కి రావాలి. గోదావరి నీళ్ళు ఎల్లంపల్లి నుంచి, ఇంకా ఎక్కువ దూరం. 1908లో మూసీ వరద ఊరిని ముంచేశాక కట్టిన గండిపేట చెరువు ఈ బడికి కూతవేటు దూరం. ఇవేవీ ఆ పదిహేను స్లైడ్లలో లేవు. 2019 ఎండాకాలంలో చెన్నైలో చెరువులు ఎండిపోయి, ఆఫీసుల్లో నీళ్ళు లేక మన సాఫ్ట్‌వేర్ వాళ్ళనే ఇంటినుంచి పని చేసుకోమన్నారు. 2024లో బెంగుళూరు వంతు వచ్చింది. ఆ పిల్లల అమ్మానాన్నల్లో సగం మంది మన ఫీల్డే. నీటి సమస్య వాళ్ళ డైనింగ్ టేబుల్ దాకా వచ్చి కూర్చుంటే, పిల్లలు దాన్ని కేప్‌టౌన్‌లో వెతుక్కుంటున్నారు.

సరే, ఇంతవరకూ అయితే నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. నా కడుపు మండిన సంగతి దీని తరవాతిది.

మాది శ్రీకాకుళం జిల్లా, సోంపేట వైపు. ఉద్దానం అంటారు మా ప్రాంతాన్ని. కొబ్బరి, జీడిమామిడి తోటలు, పక్కనే సముద్రం, చూడ్డానికి ఉద్యానవనమే. మా అప్ప అక్కడే ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ టీచరు. ఫోన్లో ఈ వీడియో కాల్ ముచ్చట చెప్తే ముందు బాగా నవ్వింది. తరవాత కాసేపాగి, 'ఒరే, మా పిల్లల్నీ అందులో కలపడానికి అవుతాదేట్రా? మా గుంటల దగ్గర సెప్పుకోడానికి సానా ఉంది' అంది.

ఉంది మరి. మా వైపు కిడ్నీ జబ్బు సంగతి మీలో చాలామంది వినే ఉంటారు. షుగరూ బీపీ లేనివాళ్ళకి, ఎండలో ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళకి, మెల్లమెల్లగా కిడ్నీలు పోతాయి. తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. మా పెద్ద మావయ్య 2014లో ఇలాగే పోయాడు. అప్పట్లో మా సోంపేటలో సర్కారు డయాలసిస్ సెంటరు లేదు. రైలెక్కి విశాఖపట్నం వెళ్ళడం, రాత్రికి వాడిపోయి తిరిగి రావడం, మధ్యలో ఒకరోజు ఊపిరి పీల్చుకుని మళ్ళీ రైలు. ఆ రైలు టిక్కెట్ల కోసమే తోటలో కొంత అమ్మేశారు. నేను ఇంజినీరింగులో ఉన్నాను అప్పుడు. అప్ప క్లాసులో ఇప్పటికీ నాన్న డయాలసిస్ రోజున బడికి రాని పిల్లలున్నారు. అటెండెన్స్ చూసి ఏ వారం ఎవరింట్లో ఏమిటో చెప్పెయ్యగలదు తను.

ఆ కార్యక్రమం కోఆర్డినేటరుకి మెయిలు రాశాను. మర్యాదగానే జవాబొచ్చింది. పాల్గొనే బడి రుసుము కట్టాలి, పిల్లలు ఇంగ్లీషులో మాట్లాడగలగాలి, నెట్టు ఇంత స్పీడు ఉండాలి. ఇవన్నీ ఊహించినవే. నాలుగోది ఊహించలేదు. మీరు చెప్పిన అంశం మా థీముల్లోకి రాదు, అది 'లోకల్ ఇష్యూ' అని.

లోకల్ ఇష్యూట!

శ్రీలంకలో అనురాధపుర, పొలొన్నరువ వైపు వరి పండించే ఊళ్ళలో 1990ల నుంచీ డాక్టర్లు చూస్తున్నది ఇలాంటి జబ్బునే. నికరాగువాలో చిచిగల్ప చుట్టుపక్కల, ఎల్ సాల్వడార్ తీరంలో, చెరుకు నరికే కూలీలకి వచ్చేదీ ఇలాంటిదే. పాతికేళ్ళు, ముప్ఫై ఏళ్ళ మగవాళ్ళు పోవడం వల్ల చిచిగల్ప దగ్గర ఒక పల్లెకి 'విధవల దీవి' అని పేరే పడింది. ఎండదెబ్బా, నీళ్ళు చాలకపోవడమా, పురుగుమందులా, నీళ్ళలో లోహాలా, రక్తంలో ఉన్నదా, లేక ఇవన్నీ కలిసా? ఎవరి వాదన వాళ్ళది. ఇదీ కారణం అని అందరూ ఒప్పుకున్న మాట ఇంకా లేదు. రెండు ఖండాల్లో ఒకే రకం మనుషులు ఒకే రకంగా పోతుంటే, దానికి కారణం ప్రపంచంలో ఎవరికీ తేలకపోతే, అది 'లోకల్'. మంచు మీద ఎలుగుబంటి మాత్రం 'గ్లోబల్'. మన భాషలో చెప్పాలంటే, మూడు వేర్వేరు ప్రొడక్షన్ సర్వర్లలో ఒకే ఎర్రరు కొడుతుంటే, టికెట్ క్లోజ్ చేసి 'యూజర్ ఎన్విరాన్మెంట్ ఇష్యూ' అని రాసినట్టుంది.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా కొబ్బరి చెట్లని, జీడితోటల్ని ఒక్క రాత్రిలో నేలకి పరిచేసింది. కొబ్బరి మళ్ళీ కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది. ఆ రాత్రి తలుపుకి వీపు ఆనించి కూర్చున్న పిల్లలు ఎవరైనా వాతావరణం మీద మాట్లాడడానికి పనికిరారని చెప్పేవాడికి, వాతావరణం గురించి ఏం తెలుసో నాకైతే అర్థం కాదు.

ఇలాంటి కార్యక్రమాలే దండగ అంటున్నాననుకోకండి. వీటి చరిత్ర కాస్త తిరగేశాను, మొదట్లో ఇలా లేవు. 1988లో, ప్రచ్ఛన్నయుద్ధం ఇంకా పూర్తిగా చల్లారకముందే, న్యూయార్క్ బడుల్నీ మాస్కో బడుల్నీ కంప్యూటర్లతో కలిపారు. అదే తరవాత ఐఅర్న్ అయింది. అందులో 'లెర్నింగ్ సర్కిల్స్' అని ఒక పద్ధతుంది. నాకు భలే నచ్చింది. కొన్ని దేశాల తరగతులు ఒక గుంపు అవుతాయి. ప్రతి తరగతీ తన ఊరి ప్రశ్న ఒకటి తెస్తుంది, మిగతావాళ్ళందరూ తమ ఊళ్ళో వెతికి దానికి జవాబు పంపుతారు. అంటే ముందు నీ దగ్గర ప్రశ్న ఉండాలి. 1994లో ప్రకటించిన గ్లోబ్ కార్యక్రమం ఇంకా సూటి. పిల్లలు తమ బడి దగ్గరి ఉష్ణోగ్రత, వాన, మట్టి, నీళ్ళు ఒక పద్ధతి ప్రకారం కొలిచి ఆ అంకెలు పంపాలి. శాస్త్రవేత్తలు కూడా వాడుకోవచ్చు వాటిని. అందులో థర్మామీటరు కావాలి, ఓపిక కావాలి. గడగడా మాట్లాడే ఇంగ్లీషు లేకపోయినా నడుస్తుంది.

2015లో ఐక్యరాజ్యసమితి లక్ష్యాల్లో 4.7 కింద 'ప్రపంచ పౌరసత్వం' చేర్చారు. మన 2020 జాతీయ విద్యావిధానంలోనూ ఆ మాట వచ్చింది. మంచిదే. కానీ మన దగ్గర ఏ మాటైనా బ్రోషర్లోకి ఎక్కడానికి ఎంతసేపు పడుతుంది? టెక్నో అయిపోయింది, ఒలింపియాడ్ అయిపోయింది, ఇప్పుడు గ్లోబల్. ఫోటోలుంటే ఫైలు నిండుతుంది, ఫైలు నిండితే అవార్డు వస్తుంది, అవార్డు గేటు మీద ఫ్లెక్సీ అవుతుంది, వచ్చే ఏడు ఫీజు పెరుగుతుంది. ఆ టీచరమ్మని నేను తప్పు పట్టను. సిలబస్ అవ్వాలి, యూనిట్ టెస్టు పేపర్లు దిద్దాలి, సాయంత్రానికల్లా ఫోటోలు గ్రూపులో పెట్టాలి. 'ట్యాంకర్' అన్న పాప దగ్గర ఆగే టైము ఆమెకి ఎవరిచ్చారు?

దీనికి మా టీమ్‌లీడ్ గారి వాదన ఒకటుంది. 'ఎంతో కొంత ఎక్స్‌పోజర్ కదండీ, రేపు క్లయింట్లతో మాట్లాడ్డానికి పనికొస్తుంది' అని. అదే నా బాధ. పన్నెండేళ్ళ పిల్లలకి క్లయింట్ కాల్ ప్రాక్టీసు చేయిస్తూ దానికి ప్రపంచ సమస్యలని పేరు పెట్టడం దేనికి? అవతలివాడు వినాలనుకున్నది వాడికి నచ్చే యాసలో చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం మనం ఇప్పటికే రోజూ చేస్తున్నాం. ఇంకోటి, ఆ యూరప్ పిల్లలకి మాత్రం ఏం మిగిలింది? ఆఫ్రికా గురించి హైదరాబాదు వాళ్ళు ఇంటర్నెట్లో చూసి చెప్పిన ముక్కలు. అవి వాళ్ళూ చూసుకోగలరు.

కోపంతో ఊరుకోకుండా ఒక చిన్న పని చేశాం. మా టీమ్‌లో కొలంబో నుంచి పనిచేసే ఒకాయన ఉన్నాడు. వాళ్ళ చుట్టాలమ్మాయి అనురాధపుర దగ్గర ఒక బడిలో టీచరు. ఆవిడనీ అప్పనీ కలిపాను. రుసుము లేదు, వాట్సాప్ చాలు, టైమ్ జోన్ కూడా ఒకటే. వాళ్ళ పిల్లలు సింహళంలో మాట్లాడి పంపుతారు, ఈయన ఇంగ్లీషులో పెడతాడు, నేను తెలుగులో పెడతాను. ఇన్నేళ్ళ ఐటీ అనుభవంలో మొదటిసారి పనికొచ్చే ఇంటిగ్రేషన్ చేశాననిపించింది.

మొదటి ప్రశ్న వాళ్ళనుంచే వచ్చింది: 'మీ దగ్గర ఆడవాళ్ళకి కూడా వస్తుందా?' మా పిల్లలు వెంటనే ఇల్లిల్లూ తిరిగి లెక్క రాస్తామన్నారు. అప్ప ఆపేసింది. జబ్బున్న ఇంటికి వెళ్ళి పిల్లలు పుస్తకం పట్టుకుని అడక్కూడదు, అది డాక్టర్ల పని అంది. నాకా ఆలోచనే రాలేదు, డేటా అనగానే ఎగిరి గంతేశాను. దాని బదులు ఎవరింట్లో ఏ నీళ్ళు తాగుతున్నారో (నుయ్యి, బోరు, కుళాయి, క్యాను) రాశారు. బడి థర్మామీటరుతో జీడితోటలో పొద్దున్న ఆరింటికి, పదకొండింటికి, మధ్యాహ్నం రెండింటికి నీడలో ఎంతుందో చూశారు. నాన్న ఏ వేళకి పనిలోకి వెళ్తాడు, సీసాలో ఎన్ని నీళ్ళు తీసుకెళ్తాడు అన్నది కూడా. నాలుగో వారానికి ఒక పిల్లాడు ఇంట్లో గొడవపడి మరీ నాన్నకి రెండో సీసా కట్టించాడట. జబ్బుకి కారణం మా గుంటలు కనిపెట్టేస్తారని నేను చెప్పడం లేదు. అటునుంచి వచ్చిన రెండో ప్రశ్న, 'మీకూ కొబ్బరిచెట్లున్నాయా?' అని. దానికి మాత్రం ఉద్దానం పిల్లలు నలభై ఫోటోలు పంపారు.

ఇప్పుడు అప్పకి నికరాగువా కావాలి. చెరుకు తోటల్లో కూలీలకి నీళ్ళు, నీడ, విశ్రాంతి ఇచ్చి చూసే ప్రయత్నాలు అటువైపు జరిగాయి. వాటి గురించి అక్కడి పిల్లల్నే అడగాలట. ఆన్‌సైట్ కాల్స్‌కి అలవాటుపడ్డ ప్రాణాలకి పెద్ద ఇబ్బందేం కాదు, వాళ్ళ పొద్దున్న తొమ్మిదంటే మనకి రాత్రి ఎనిమిదిన్నర. మీలో స్పానిష్ వచ్చినవాళ్ళు, అటువైపు క్లయింట్లూ స్నేహితులూ ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. వారానికి ఒక గంట చాలు. సర్టిఫికెట్ మాత్రం ఇవ్వలేను.