మగ్గానికి ప్రోగ్రాం రాసేవాడి పేరెక్కడ?

సూరత్ రింగ్ రోడ్డు మార్కెట్ల నుంచి దేశం నలుమూలలకూ వెళ్లే చీరకు కంపెనీ పేరుంటుంది. కేటలాగుకు ఒక ముద్దు పేరుంటుంది. ఆ చీర కట్టుకుని ఫొటో దిగిన అమ్మాయికి పారితోషికం ముడుతుంది. డిజైనుకు మాత్రం నంబరే. ఆ నంబరు ఎవరి చేతిలోంచి వచ్చిందని ఇప్పటిదాకా నన్ను ఒక్క వ్యాపారి అడగలేదు, చీర కొన్న ఒక్క తల్లీ అడగలేదు. లింబాయత్‌లోనో ఉధనాలోనో ఒక ఇరుకు గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, ఆ పువ్వును దారం దారంగా లెక్కగట్టే పని మాది. మాలో తెలుగువాళ్లం చాలామందిమి ఉన్నాం. మా తరఫున ఎవరూ రాయడం లేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల పద్మశాలీలు బతుకుదెరువు కోసం షోలాపూర్, భివండి, సూరత్ పట్టిన సంగతి తెలియని తెలంగాణ ఇల్లు తక్కువ. ఇక్కడి మున్సిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతోందంటే మా సంఖ్య ఎంతో ఊహించుకోవచ్చు. మా బాపు సిరిసిల్ల నుంచి వచ్చి జీవితమంతా సాంచాలు (మరమగ్గాలు) నడిపాడు. రాత్రి షిఫ్టు, చెవులు చిల్లులుపడే మోత, మీటరుకింత కూలి. ఆ తరం కష్టం మీద కథలొచ్చాయి, పాటలొచ్చాయి. అవి రావలసినవే. ఆ తరం పిల్లల్లో కొందరం సాంచా దగ్గర్నుంచి లేచి, సాంచాకు ఏం నేయాలో చెప్పే పనిలోకి వచ్చాం. మా గురించి మాత్రం మా సొంత చుట్టాలకే తెలియదు. పెళ్లి చూపుల్లో మా బావ నన్ను పరిచయం చేస్తూ ‘సూరత్‌ల బట్టల పని’ అన్నాడు. పక్కనే కూర్చున్న హైదరాబాద్ కుర్రాడిని ‘సాఫ్ట్‌వేర్’ అన్నాడు. ఆ అబ్బాయి బ్యాంకు వెబ్‌సైటులో బటన్ల రంగులు మారుస్తాడట. మంచి పనే, తక్కువ చేయను. కానీ నేను చేసేది కూడా కంప్యూటర్‌తో యంత్రానికి ఆజ్ఞలివ్వడమే అని ఆ గదిలో ఎవరికైనా ఎలా చెప్పను?

చెప్పి చూస్తాను. 2688 హుక్కులున్న ఎలక్ట్రానిక్ జకార్డు, అంటే మగ్గం మీద దారాలు లేపే యంత్రం, తీసుకోండి. పడుగులో ప్రతి దారపు గుంపునూ ఒక హుక్కు లేపుతుంది, లేదా కింద వదిలేస్తుంది. కొంగు ఒక గజం పొడవు, అంగుళానికి 70 పేకలు అనుకుంటే 2520 వరసలు. రెండూ హెచ్చవేస్తే 67 లక్షల పైచిలుకు గళ్లు వస్తాయి. ప్రతి గడిలోనూ దారం లేవాలా, పడుకోవాలా అన్నది తేల్చి ఉండాలి. సాఫ్ట్‌వేర్ గళ్లు నింపుతుంది, నిజమే. ఏ రంగుకు శాటిన్ నేత ఇవ్వాలి, దేనికి ట్విల్ ఇవ్వాలి, జరీ ఎక్కడ పైకి తేలాలి, ఎక్కడ లోపల దాగాలి అన్నది మనిషే చెప్పాలి. దారం ఎక్కువ దూరం కట్టు లేకుండా తేలితే దాన్ని ఫ్లోటు అంటాం. చీర కట్టుకున్న ఆమె గాజు తగిలితే ఆ దారం లేచిపోతుంది. అందుకని పూరేకు మధ్యలో కంటికి ఆనకుండా చిన్న చిన్న కట్లు వేసుకుంటూ పోవాలి. కట్లు ఎక్కువైతే పువ్వు మెరుపు చస్తుంది. ఒకచోట నేత బిగుతుగా, పక్కనే వదులుగా పెడితే మగ్గం మీద బాగానే కనపడుతుంది, కిందికి దించాక గుడ్డ ముడత తీస్తుంది. యాప్‌లో తప్పొస్తే రాత్రికి రాత్రి సరిచేసి కొత్తది పంపుతారు. మా తప్పు బయటపడేసరికి తాన్లు నేసి ఉంటాయి.

ఇది ప్రోగ్రామింగ్ కాదనేవాళ్లు ప్రోగ్రామింగ్ పుట్టుక చదవాలి. లియాన్ పట్టణంలో బసీల్ బుషాన్ 1725లోనే చిల్లుల కాగితంతో మగ్గాన్ని నడిపించే ప్రయత్నం చేశాడు. 1804లో జకార్డు అనే ఆయన ఇప్పటికీ తన పేరుతోనే పిలిచే యంత్రం చేశాడు: ఒక్కో పేకకు ఒక్కో అట్ట, చిల్లు ఉంటే దారం లేస్తుంది, లేకపోతే లేవదు. చార్లెస్ బాబేజ్ 1830ల్లో తన అనలిటికల్ ఇంజన్‌ను ఆలోచించినప్పుడు ఈ అట్టలనే అరువు తెచ్చుకున్నాడు. 1843లో ఆ యంత్రం మీద వివరణలు రాసిన ఏడా లవ్‌లేస్ కూడా జకార్డు మగ్గాన్నే పోలికగా తెచ్చింది. 1890 అమెరికా జనాభా లెక్కలను హర్మన్ హోలరిత్ లెక్కించింది చిల్లుల కార్డులతోనే. ఆయన కంపెనీ మరికొన్నిటితో కలిసి, 1924లో పేరు మార్చుకుని ఐబీఎం అయింది. మా గదిలో ఇప్పుడు అట్టలు లేవు, పెన్ డ్రైవులున్నాయి. లోపలి లెక్క మారలేదు. లేస్తుంది, లేవదు. ఒకటి, సున్న.

బాబేజ్ ఇంట్లో జకార్డు చిత్రపటం ఒకటి ఉండేది. చూసినవాళ్లు అచ్చువేసిన బొమ్మ అనుకునేవారు. అది 1839లో పట్టుతో నేసింది. దానికి 24,000 అట్టలు పట్టాయి. చిత్రకారుడి పేరు మిగిలింది, నేయించిన కంపెనీ పేరు మిగిలింది, జకార్డు పేరు సరేసరి. ఆ 24,000 అట్టలకు చిల్లులు లెక్కగట్టి కొట్టినవాళ్ల పేర్లు నేను చదివిన ఏ కంప్యూటర్ చరిత్రలోనూ కనపడలేదు. అంటే మాకు జరుగుతున్న అన్యాయం వయసు రెండు శతాబ్దాలకు దగ్గర పడుతోంది.

మా విలువ గుర్తించలేని సమాజమా అంటే అదీ కాదు. ఆసు (నేతకు ముందు దారాన్ని చేత్తో సర్దే పని) పోసి పోసి తల్లి భుజాలు పడిపోతుంటే చూడలేక 1999లో ఆసు యంత్రం చేసిన చింతకింది మల్లేశానికి 2017లో పద్మశ్రీ ఇచ్చారు. 2019లో ఆయన జీవితం సినిమా అయింది. సూరత్‌లో మేమంతా మా ఇంటివాడికే వచ్చినట్టు సంబరపడ్డాం. యంత్రం చేసినవాడిని గౌరవించే మనసున్న మనవాళ్లకు, ఆ యంత్రాల చేత రోజూ కొత్త పువ్వు పూయించేవాడు ఎందుకు ఆనడం లేదన్నదే నా బాధ.

ఈ బాధ ఒక్క గౌరవం గురించే అనుకోకండి. కొన్నేళ్ల కింద నేను పనిచేసిన చోట నెమళ్లూ మామిడి పిందెలూ అల్లుకుపోయిన ఒక జాలు డిజైను గీశాను. నెమలి మెడ వంపు తిరిగేచోట సాఫ్ట్‌వేర్ ఇచ్చిన కట్లు మెరుపును ముక్కలు చేస్తున్నాయని వాటిని తీసేసి, గడి గడికీ చేత్తో పెట్టుకున్నాను. ఆ సరుకు బజారులోకి దిగిన కొద్ది రోజులకే వేరే మార్కెట్ చీర ఫొటో వాట్సాప్‌లో వచ్చింది. పెద్దది చేసి చూస్తే అదే మెడ, అవే కట్లు. బొమ్మ చూసి మళ్లీ గీసింది కాదు, నా ఫైలే పోయింది. యజమాని సేట్‌కు చూపిస్తే ‘డిజైన్ నాది, పోయింది నాది, నీదేం పోయింది?’ అన్నాడు. తర్వాత ఆ కొలువు మానేటప్పుడు నా డిజైన్ల చిన్న నమూనాలైనా తీసుకుపోతానంటే ఒప్పుకోలేదు. ఫోన్ తీసి చూపించమన్నాడు. కొత్త చోట ‘ఇన్నాళ్లూ ఏం చేశావో చూపించు’ అని అడిగితే ఖాళీ చేతులతో నిలబడ్డాను. హైదరాబాద్ కుర్రాడు, కోడ్ మార్పులన్నీ దాచిపెట్టే గిట్‌లో ఒక్క వరస మార్చినా ఆ మార్పు పక్కన అతని పేరు, తేదీ, సమయం వాటంతట అవే నమోదవుతాయి. ఉచితంగా పంచుకునే సాఫ్ట్‌వేర్ లైసెన్సులు సైతం చాలావరకు రాసినవాడి హక్కు ప్రకటనను చెరపవద్దని షరతు పెడతాయి. మా ఫైలులో డిజైన్ నంబరుంటుంది, హుక్కులుంటాయి, పేకలుంటాయి.

చట్టం సంగతి చూస్తే కడుపు మండుతుంది. 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనల్లో చేర్చింది. రాసినవాడి జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు దానికి రక్షణ. అదే చట్టం 15(2) సెక్షన్ ప్రకారం, రిజిస్టరు చేయడానికి వీలుండీ చేయని డిజైనును యంత్రాల మీద 50 సార్లకు మించి తయారు చేస్తే దాని కాపీరైట్ ఆ క్షణమే పోతుంది. యాభై! పది ర్యాపియర్ మగ్గాల మీద ఎక్కిస్తే యాభై ఒకటో చీర దిగడానికి ఒక షిఫ్టు కూడా పట్టదు. పొద్దున పుట్టిన హక్కు సాయంత్రానికి లేదు. 60 ఏళ్లెక్కడ, ఒక పూటెక్కడ!

రిజిస్టరు చేసుకోవచ్చు కదా అంటారు. 2000 నాటి డిజైన్ల చట్టం కింద కోల్‌కతా కార్యాలయంలో నమోదు చేస్తే పదేళ్లు, పొడిగిస్తే మరో అయిదేళ్లు రక్షణ ఉంటుంది. వ్యక్తికి ఒక్కో డిజైనుకు ఫీజు వెయ్యి రూపాయలు. సరుకు బయటికి రాకముందే దరఖాస్తు పెట్టాలి. మేం నెలకు డజన్ల కొద్దీ గీస్తాం, అందులో ఏది ఆడుతుందో దీపావళి దాకా ఎవరికీ తెలియదు. పోనీ అంతా చేశారే అనుకుందాం. డబ్బిచ్చి చేయించుకున్నవాడే ఆ చట్టం దృష్టిలో హక్కుదారు. అక్కడా మా పేరు లేదు. ఐరోపా సమాఖ్య 2002 నుంచే రిజిస్టరు చేయని డిజైనుకు కూడా మూడేళ్ల రక్షణ ఇస్తోంది. నాలుగు నెలల్లో బజారు మారిపోయే బట్టల వ్యాపారానికి అలాంటిదే సరిపోతుంది. మన దగ్గర ఎందుకు పెట్టరు?

ఇంకో మాట. కాపీరైట్ చట్టం 2(ఎఫ్ఎఫ్‌సీ) సెక్షన్‌లో కంప్యూటర్ ప్రోగ్రామంటే ఏమిటో నిర్వచించారు. మాటల్లోనైనా, సంకేతాల్లోనైనా, మరే రూపంలోనైనా సరే, కంప్యూటర్ చేత ఒక నిర్ణీతమైన పని చేయించగల ఆదేశాల సముదాయమని దాని భావం. జకార్డు పైన కూర్చున్న కంట్రోలరు కంప్యూటరే. నేను పెన్ డ్రైవులో ఇచ్చేది ఆదేశాలే. దానివల్ల జరిగే పని నెమలి. ఈ నిర్వచనంలో నా ఫైలు ఎందుకు ఇమడదో న్యాయం చదివిన తెలుగువాళ్లెవరైనా నాకు చెప్పాలి. ఇముడుతుందంటే, ఎవరైనా కోర్టులో ఆ వాదన ఎత్తుకోవాలి. సొమ్ము సేట్‌దైనా సృష్టించినవాడి పేరుకు విడిగా హక్కుందని 57వ సెక్షన్ చెబుతూనే ఉంది. విజ్ఞాన్ భవన్ కుడ్యశిల్పం కేసులో అమర్‌నాథ్ సెహగల్ దాన్ని పట్టుకునే ప్రభుత్వంతో పోరాడి 2005లో ఢిల్లీ హైకోర్టులో గెలిచాడు. మగ్గం మీద నెమలి చేసినవాడికి మాత్రం ఆ సెక్షన్ దాకా దారి చూపేవాళ్లు లేరు.

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది. ‘నెమలి జాలు, బంగారు జరీ’ అని టైపు చేస్తే నిమిషంలో పది బొమ్మలు. బొమ్మలు ఎక్కడినుంచి నేర్చుకుంది? మేం గీసినవి, మాకు ముందు పోచంపల్లిలో, గద్వాలలో, ఉప్పాడలో మగ్గం గుంటలో కూర్చున్నవాళ్లు నేసినవి ఇంటర్నెట్టు నిండా ఉన్నాయి. శిక్షణకు వాడుకున్న రచనలకూ కళాకృతులకూ కంపెనీలు సొమ్ము చెల్లించే పద్ధతి పెట్టాలని 2025 డిసెంబరులో కేంద్ర పరిశ్రమల శాఖ కమిటీ ప్రతిపాదించింది. సంతోషం. యాభై చీరలకే హక్కు పోయిన డిజైనుకు అందులో వాటా ఏ లెక్కన వస్తుంది? రచయితలు, గాయకులు, పత్రికలు తమ వాటా అడుగుతున్నారు. మా తరఫున ఆ బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు. పైగా ఆ బొమ్మ అలాగే మగ్గమెక్కదు. దానిని గళ్లలోకి దించి, ఫ్లోట్లు తీసి, కట్లు పెట్టేది మళ్లీ మేమే. బొమ్మ ఊరికే వచ్చింది కదా అని ఆ పనికి కూలి తగ్గిస్తున్నారు.

మా సంఘాల పెద్దలను అడిగేది ఇదే. మార్కండేయ జయంతికి వేదిక మీద శాలువాలు కప్పే జాబితాలో డాక్టర్లూ దుకాణదారులూ ఉంటారు. ఈసారి ఒక డిజైనర్‌ను పిలవండి. శాలువాతో ఆగకుండా, ఎవరు ఎప్పుడు ఏ డిజైను చేశారో తేదీతో నమోదయ్యే ఉమ్మడి దస్త్రం సంఘం తరఫున తెరవండి. రేపు కొలువు మారినవాడు ‘ఇది నాది’ అని చూపించుకోవడానికి అదైనా ఉంటుంది. మేం వాడే సాఫ్ట్‌వేర్ ఖరీదు మోయలేక ఎన్నో గదుల్లో దొంగ కాపీలతో నెట్టుకొస్తున్నారు. నేర్చుకునే పిల్లలకు అందులో ఒక్క తెలుగు ముక్క కనపడదు. ఎంబ్రాయిడరీకి ఇంక్‌స్టిచ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ప్రపంచంలో ఎవరెవరో కలిసి రాసి ఉచితంగా ఇచ్చారు. హైదరాబాద్‌లో, టొరంటోలో, డల్లస్‌లో ఉన్న తెలుగు ఇంజనీర్లు డిజిటల్ హక్కుల గురించి ఎంతో చక్కగా మాట్లాడతారు, వింటుంటాను. జకార్డు నేతకు అలాంటిది తెలుగులో తయారు చేయండి. అందులో డిజైనర్ పేరుకు ఒక గడి పెట్టండి, ఆ గడి నింపనిదే ఫైలు మగ్గానికి వెళ్లకుండా చూడండి. పడుగు, పేక, ఫ్లోటు, కట్టు, శాటిన్ లెక్కలన్నీ చెప్పడానికి లింబాయత్‌లో మేమున్నాం.