గుర్రం పేరు తెలుసు, మరి ఫోటో తీసినవాడి పేరో?

జానపద చిత్రాల్లో కాంతారావు గుర్రమెక్కి దౌడు తీస్తుంటే ఈలలేసిన తరం ఒకటుంది. ఆ దౌడులో గుర్రం నాలుగు కాళ్ళూ ఒక్కసారిగా గాల్లోకి లేస్తాయా? ఎంత కళ్ళు చించుకు చూసినా తేలదు.

1870లలో ఈ సందేహం కాలిఫోర్నియా మాజీ గవర్నరు లీలాండ్ స్టాన్‌ఫర్డ్‌ని పట్టుకుంది. రైలు కంపెనీ ఆసామి, గుర్రాల పిచ్చి జాస్తి. (పాతికవేల డాలర్ల పందెం కాశాడనే కథకి ఆధారం లేదు, నమ్మకండి!) తేల్చమని మైబ్రిడ్జ్ అనే ఇంగ్లీషు ఫోటోగ్రాఫర్ని పిలిపించాడు.

అప్పట్లో ఫోటో అంటే ఇప్పటి సెల్‌ఫోన్ నొక్కుడు కాదు సుమా! గాజు పలకకి కొలోడియన్ అనే జిగురు ద్రావకం పూసి, చీకటిగదిలో సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, తడిగా ఉండగానే ఫోటో తీసి, తడిగా ఉండగానే కడిగెయ్యాలి. ఆరిందా, పలక దండగే! స్టూడియోలో కూర్చున్నవాళ్ళే కొన్ని సెకన్లు బిగుసుకుని కూర్చోవాలి. ఇక పరుగెత్తే గుర్రమంటే మాటలా? షట్టరు ఎంత తక్కువసేపు తెరిస్తే బొమ్మ అంత నిలకడగా పడుతుంది. కానీ పలకకి అందే వెలుతురూ అంతే తగ్గిపోతుంది. ఫోటోగ్రఫీ చిక్కంతా అక్కడే ఉంది.

మైబ్రిడ్జ్ మండుటెండని నమ్ముకున్నాడు. గుర్రం కనీసం నీడలా అయినా పడాలని వెనకాల తెల్లటి తెర కట్టించాడు. 27 అంగుళాలకొకటి చొప్పున 12 కెమెరాలు పెట్టి, దారికడ్డంగా దారాలు లాగాడు. దారం తెగితే కరెంటు పారి షట్టరు పడుతుంది. 1878 జూన్‌లో, పాలో ఆల్టోలో, పత్రికలవాళ్ళ ఎదుట శాలీ గార్డనర్ అనే ఆడగుర్రం పరుగు తీసింది. దారిలో జీను పట్టీ తెగింది. పలకలు కడిగి చూస్తే ఆ తెగిన పట్టీతో సహా పడింది! ఇక అనుమానించేదేముంది?

కాళ్ళు నాలుగూ గాల్లోనే ఉన్నాయి. అయితే చిత్రకారులు వేసినట్టు ముందుకీ వెనక్కీ చాపుకుని కాదు, పొట్టకిందకి ముడుచుకుని! మరుసటి ఏడు అవే బొమ్మల్ని గాజు చక్రం మీద గీయించి, తిప్పుతూ తెరమీద గుర్రాన్ని పరుగెత్తించాడు. ఇంకా సినిమా పుట్టనేలేదు.

1882లో స్టాన్‌ఫర్డ్ ఓ డాక్టరుచేత ‘ది హార్స్ ఇన్ మోషన్’ అనే పుస్తకం రాయించాడు. అందులో మైబ్రిడ్జ్ ఫోటోల్ని చూసి వేసిన బొమ్మలున్నాయి. పై పేజీలో అతని పేరు మాత్రం లేదు! అప్పుడతను లండన్‌లో ఉన్నాడు. రాయల్ సొసైటీకి వ్యాసం సమర్పించబోతున్నాడు. ఈ పుస్తకం చూసి వాళ్ళు అతన్నే అనుమానించి, వ్యాసం వద్దన్నారు. కోర్టుకెక్కాడు, ఓడిపోయాడు.

డబ్బు స్టాన్‌ఫర్డ్‌దే, ప్రశ్నా అతనిదే, కాదనను. షట్టర్లు తయారుచెయ్యడానికి ఇంజనీర్లనీ అతనే ఇచ్చాడు. కానీ పెట్టుబడి పెట్టాడు కదా అని కెమెరామాన్ పేరు టైటిల్స్‌లోంచి లేపేస్తే ఊరుకుంటామా? (మన పోస్టర్లమీద స్టిల్స్ తీసినవాళ్ళ పేర్లు ఎంతమందికి తెలుసో అడక్కండి!)

మైబ్రిడ్జ్ మొండిఘటం. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం అండతో మళ్ళీ మొదలెట్టాడు. ఈసారి పొడి పలకలు. మనుషులు, పక్షులు, ఏనుగులు, దేన్నీ వదల్లేదు. 1887లో 781 ఫలకాలతో ‘యానిమల్ లోకోమోషన్’ వెలువడింది. ఈసారి పేరు అతనిదే.

1904లో ఇంగ్లండ్‌లో పోయాడు. వోకింగ్‌లో అతని సమాధి రాయిమీద పేరు చెక్కారు. ‘మేబ్రిడ్జ్’ అని!