బడే మియా ఎవరో మన పిల్లలకు చెప్పామా?

మదనపల్లెలోనైనా, పుంగనూరులోనైనా అసర్ నమాజు తర్వాత మైదానంలో ఆడుకునే మన పిల్లల చొక్కాల వీపుపై సలా పేరు కనిపిస్తుంది, ఓజిల్ పేరు కనిపిస్తుంది. ఆ అభిమానాన్ని మేము తప్పుపట్టము. అయితే ముహమ్మద్ హబీబ్ ఎవరని అడిగితే, పిల్లలే కాదు, తండ్రులు సైతం తెల్లమొహం వేస్తున్నారు.

హబీబ్ 1949లో హైదరాబాదులో జన్మించారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఆయన ఉన్నారు. ఆ జట్టు నాయకుడు సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాదీయే. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి ఆ తర్వాత నేటివరకు మరో పతకం రాలేదు. 1977 సెప్టెంబరు 24న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో పేలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టును మోహన్ బగాన్ 2-2తో నిలువరించినప్పుడు ఒక గోలు శ్యామ్ థాపాది, మరొకటి హబీబ్‌ది. ఫుట్‌బాలే తన వృత్తి అని నమ్మి, ఉద్యోగాలను కాదనుకొన్న మనిషి ఆయన. ఆ రోజుల్లో అదెంత సాహసమో నెల జీతంపై బతికిన మావంటివారికి బాగా తెలుసు.

మధ్యవరుస ఆటగాడి గతి ఒకటుంది. గోలు కొట్టినవాని పేరు మరునాడు పత్రికలో అచ్చవుతుంది. బంతిని లాక్కొని, పరుగెత్తి, అందించినవాని పేరు మైదానంలోనే మిగిలిపోతుంది. ముందువరుసలో ఆడిన చునీ గోస్వామికి 1983లో, పి.కె. బెనర్జీకి 1990లో పద్మశ్రీ లభించింది. వారు దానికి పూర్తిగా అర్హులు. హబీబ్ మాత్రం 1980 నాటి అర్జున పురస్కారం వద్దనే ఆగిపోయారు. ఆ తరాలను తీర్చిదిద్దిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం 1963లో మరణిస్తే, ఆయన కథ 'మైదాన్' చిత్రంగా తెరకెక్కేసరికి 2024 వచ్చింది.

దీనినంతా వివక్ష అనేసి ఊరుకోవడం సులువు. మేము అలా అనలేము. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ అభిమానుల్లో అత్యధికులు హిందువులే; వారే ఆయనను ప్రేమగా 'బడే మియా' అని పిలుచుకున్నారు. డిమెన్షియా, పార్కిన్సన్స్ వ్యాధులతో బాధపడి 2023 ఆగస్టు 15న ఆయన హైదరాబాదులో కన్నుమూస్తే కలకత్తా మైదానం దుఃఖించింది. ఆయనను మరచినది తెలుగునేల. అందులోనూ ముందుగా మనమే.

కుప్పంలో రైలెక్కి బెంగళూరుకు పనికి వెళ్లే యువకులలో ఎందరికి తెలుసు, 1937లో రోవర్స్ కప్పు గెలిచిన తొలి భారతీయ జట్టు ఆ నగరానికే చెందిన బెంగళూర్ ముస్లిమ్స్ అని?

ఉపకార వేతనాల కోసం వినతిపత్రాలు ఇస్తున్నాము, మంచిదే. ఉర్దూ పాఠశాలలకు ఆటస్థలం కావాలని ఎన్నడైనా ఒక్క కాగితం రాశామా? కాగితంపై లేని కోరిక కార్యాలయంలో లేనట్టే. వేసవి సెలవుల్లో ఈ మూడు ఊళ్ల జట్లకు ఒక పోటీ నిర్వహించి, దానికి హబీబ్ పేరు పెట్టవలసిందిగా మసీదు కమిటీల పెద్దలను కోరుతున్నాము. ఒక కప్పుకు, రెండు బంతులకు అయ్యే ఖర్చు మన ఒక్క వలీమా విందులో మిగిలిపోయే బిర్యానీ విలువ కూడా ఉండదు.