వినయము వేరు, దాస్యము వేరు

వినయమనగానే మన కార్మిక సోదరులలో కొందరికి అనుమానము కలుగుట సహజము. నోరెత్తకుండుట, చేతులు కట్టుకొని నిలబడుట, చెప్పినదానికల్లా తల ఊపుట వినయమని అధికారములోనున్నవారు తరతరాలుగా బోధించినారు. అది వినయము కాదు, దాస్యము. దానిని ఎదిరించియే మన సంఘములు పుట్టినవి.

అయితే దాస్యముతోపాటు వినయమును కూడా విడనాడుట తగదని మేము భావిస్తున్నాము. ఎదుటివానికి మనకు తెలియనిది తెలిసియుండవచ్చునని ఒప్పుకొనుటయే వినయము. దానికి పరీక్ష పై అధికారి ఎదుట కాదు, మనకంటె చిన్న హోదాలోనున్నవాని ఎదుట జరుగుతుంది.

రైల్వే నియమములలోనే ఈ సూత్రమున్నది. బండి నడుచునప్పుడు లోకో పైలట్, సహాయక లోకో పైలట్ సిగ్నళ్లను గమనించి ఒకరికొకరు బిగ్గరగా చెప్పుకొనవలెను. మలుపులో ఒకరికి మరుగైన సిగ్నలు రెండవవారి కంటబడవచ్చును. ముప్పది ఏండ్ల అనుభవమున్నవారైనను నిన్న చేరినవాని మాట వినవలసినదే. "నాకే చెప్పవచ్చినావా" అని ఒకసారి కసరినచో, ఆ తరువాత అతడు నియమము కొరకు పెదవి కదుపును గాని, సందేహము కలిగినప్పుడు నోరు విప్పడు. చెడినది ఇద్దరి స్నేహము మాత్రమే కాదు, వెనుకనున్న ప్రయాణికుల భద్రత కూడా.

విమానయానములో ఇట్టి అనుభవమొకటి ఉన్నది. 1977 మార్చి 27న టెనెరిఫే ద్వీపములో, పొగమంచు నడుమ, ముందున్న విమానము రన్‌వే విడిచినదా అని ఫ్లైట్ ఇంజనీరు సందేహము వెలిబుచ్చినాడు. సీనియర్ కెప్టెన్ విడిచినదనియే గట్టిగా బదులిచ్చి ముందుకు సాగినాడు. రెండు విమానములు ఢీకొని 583 మంది మరణించినారు. రేడియో సంభాషణలోని అస్పష్టత వంటి ఇతర కారణములూ ఉన్నవి. కాని క్రిందివారు ప్రశ్నించుట, పైవారు ఆలకించుట అటుపిమ్మట విమాన సిబ్బంది శిక్షణలో ముఖ్యాంశములైనవి.

మన సంఘములకూ ఇది వర్తిస్తుంది. ఏ ఇంటివారు వలస పోయినారో, ఎవరి ఉత్తరము ఎవరికి చేర్చవలెనో గ్రామీణ డాక్ సేవకునికి తెలిసినంతగా పై కార్యాలయమునకు తెలియదు. అయినను కొన్ని సమావేశములలో అతడు చివరి వరుసలో కూర్చుని, చివర మాట్లాడి, కొన్నిసార్లు మాట్లాడకయే వెళ్లిపోవుచున్నాడు. ట్రాక్‌మన్ స్థితియు అంతే. అట్టివారు సమ్మెనాడు మన వెంట నడువవలెనని కోరుటకు మనకేమి అర్హత?

ఇంటిలోనూ అంతే. డ్యూటీ దిగివచ్చి భార్యాబిడ్డల మాట సగములోనే త్రుంచివేయువాడు సభలో సమానత్వమును గూర్చి ఎంత చెప్పినను అది చెవులకెక్కదు.

యాజమాన్యము ఎదుట తల ఎత్తి మాట్లాడుదము. తోటివాని మాటను చెవియొగ్గి విందము. ఈ రెండూ ఒకే ఆత్మగౌరవమునకు చెందినవి.